ఇరవై వేల కారు మీద నలభై వేలు పెట్టడం ఎలా?

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో కాపురం ఉంటూ, జీతం టంచనుగా పడుతూ, మీ పాత హోండా సివిక్ ఇంకా కంపెనీ నుంచి వచ్చినట్టే బుద్ధిగా నడుస్తోందంటే మీరు బతకడం నేర్చుకోలేదన్నమాట. పక్క కార్‌పోర్ట్ ఆయన బీఎండబ్ల్యూ కొన్నాడు. ఎదురింటివాళ్ళు టెస్లా తెచ్చారు. వాళ్ళ దారిన పోకండి. బీఎండబ్ల్యూ ఖరీదు ఒక్క సంతకంతో బయటపడిపోతుంది. ఇంట్లోవాళ్ళకి తెలుస్తుంది, బ్యాంకుకి తెలుస్తుంది, నాలుగు రోజుల్లో తెనాలిలో మేనమామకీ తెలుస్తుంది. అదే చవక కారు కొని దానికి ఒక్కో పార్టూ తగిలించుకుంటూ పోతే ఎంత తగలేశారో ఎవరికీ తెలియదు. ముఖ్యంగా మీకు తెలియదు. చిన్న కార్లకి పెద్ద ఖర్చు పెట్టేవాళ్ళ అసలు రహస్యం ఇదే. మిగిలిన కారణాలన్నీ అడిగినవాళ్ళకి చెప్పుకోవడానికి. అవీ కింద ఇచ్చాం. వరుసగా పాటించండి.

1. తప్పు కారుతో మొదలుపెట్టండి. 2018 సివిక్, లీటరున్నర టర్బో ఇంజను, 174 హార్స్‌పవర్, సీవీటీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే బంగారం. ఇదే సివిక్‌ను హోండా ఇంజనీర్లే సానబెట్టి, 306 హార్స్‌పవర్‌తో, ఆరు గేర్ల మాన్యువల్‌తో, వారంటీ ఇచ్చి మరీ 2017 నుంచి అమెరికాలో టైప్ ఆర్ పేరుతో అమ్మారు. అప్పట్లో కంపెనీ చెప్పిన ధర 33,900 డాలర్లు. దాని జోలికి వెళ్ళకండి. అన్నీ కుదిర్చిన కారు కొంటే ఇక శనివారాలు ఏం చేస్తారు? పిల్లల్ని కూచిపూడి క్లాసుకి మీరే దింపాల్సి వస్తుంది.

2. ‘దీని బదులు మంచి కారే కొనుక్కోవచ్చుగా’ అని ఎవరైనా అంటారు. తప్పకుండా అంటారు. అడిగే మనిషిని బట్టి జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ఆఫీసు స్నేహితులకి చరిత్ర చెప్పండి. 1992 నుంచి 1995 దాకా వచ్చిన సివిక్ హ్యాచ్‌బ్యాక్ బరువు అటూ ఇటూగా వెయ్యి కిలోలే. ముందూ వెనకా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. అక్యూరా ఇంటిగ్రా ఇంజను తెచ్చి పెడితే అందులో చక్కగా కూర్చునేది. పాత సామాన్ల షెడ్డుల్లో విడిభాగాలు కుప్పలుగా దొరికేవి. దక్షిణ కాలిఫోర్నియాలో ఆసియా సంతతి కుర్రాళ్ళు పార్ట్‌టైమ్ డబ్బుతో ఆ కార్లు కొని, సొంతంగా పానా పట్టుకుని, విప్పి బిగించి, అంతకు రెండింతలు ఖరీదైన కార్ల సరసన నిలబెట్టారు. 2001లో ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా ఆ పిచ్చిని ప్రపంచానికంతా అంటించింది. ఇదంతా గంభీరంగా చెప్పండి. మీది ఆటోమేటిక్ అనీ, పదమూడు వందల కిలోలనీ, పానా ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదనీ మాత్రం చెప్పకండి. ఆ చరిత్రకీ మీ కారుకీ సంబంధం లేదన్న సంగతి విన్నవాడికి ఇంటికెళ్ళాక తడుతుంది. ఈలోగా వాడి జాకీ మీ దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

భార్యకి ఒక్కటే మాట: ‘సేఫ్టీ కోసం’. కొత్త బ్రేకులు సేఫ్టీ. గట్టి స్ప్రింగులు సేఫ్టీ. పెద్ద సైలెన్సర్ కూడా సేఫ్టీయే, మనం వస్తున్నట్టు దూరం నుంచే తెలుస్తుంది కదా.

టెస్లా కొన్న ఎదురింటాయనకి వేరే మందుంది. ఆ కారు పుట్టిన ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ జనరల్ మోటార్స్, టయోటా కలిసి పెట్టిన, 1984 నుంచి 2010 దాకా నడిచిన న్యూమీ. అక్కడ కరోలాలు తయారయ్యేవి. ‘మీదీ కరోలా షెడ్డులోంచి వచ్చిందే కదండీ’ అనేసి నవ్వుతూ లోపలికి వెళ్ళిపోండి. ఆయన తేరుకునేలోపు తలుపు వేసుకోవాలి.

3. లెక్క రాయకండి. కిరాణా కూపన్ల దగ్గర్నుంచి గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్ల దాకా అన్నిటికీ ఎక్సెల్ షీటు పెట్టుకునే మనిషి ఈ ఒక్కదానికీ పెట్టుకోకూడదు. ఏ పార్టుకైనా ‘ఇదే ఆఖరిది’ అని ఎవరి మీదా ఒట్టు పెట్టుకోకుండా చెప్పుకోండి. ఆర్‌ఎస్‌యూలు, అంటే కంపెనీ ఇచ్చే షేర్లు, చేతికొచ్చే వారంలో కొన్నవి ఖర్చు కింద రావు, అది కంపెనీ డబ్బు. డిస్కౌంటులో కొంటే తగ్గినంతా లాభం. ఇలా మూడు సెట్ల రిమ్ములు కొన్న మనిషి కాగితం మీద ధనవంతుడవుతాడు.

పార్సిళ్ళు ఇంటికి రానివ్వకండి. లాకర్‌కి తెప్పించుకోండి. పట్టని పెట్టె అయితే స్నేహితుడి అడ్రసు ఇవ్వండి, అతనివి మీ ఇంటికి రప్పించండి. ఎవరి భార్య అడిగినా ‘అది వాళ్ళది’ అని నిజమే చెప్పొచ్చు.

4. మొట్టమొదట సైలెన్సర్ మార్చండి. తెలిసినవాళ్ళు ముందు మంచి టైర్లు, తరవాత బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఫ్లూయిడ్ అంటారు. వాళ్ళ మాట వింటే కారు మలుపుల్లో పట్టుగా తిరుగుతుంది, వేళకి ఆగుతుంది, చూసేవాడికి మాత్రం ఏమీ తెలియదు. కనబడని ఖర్చు మనకెందుకు? సైలెన్సర్ అయితే పవర్ పెద్దగా పెరగకపోయినా పెరిగినట్టు అపార్ట్‌మెంట్ అంతటికీ వినిపిస్తుంది. కాలిఫోర్నియా చట్టం మామూలు కార్లకి 95 డెసిబెల్స్ దాటకూడదంటుంది. మీరు కొలవకండి. కొలిచే పని పోలీసులది.

పొద్దున్నే ఏడింటికి, కార్‌పోర్ట్ రేకు కింద, చల్లటి ఇంజను స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు అలా వదిలేయండి. నైట్ షిఫ్టులో ఇండియా టీముతో మాట్లాడి అప్పుడే పడుకున్న పక్కింటి కుర్రాడు మీ కారును జన్మలో మర్చిపోడు.

విజిటర్ వీసా మీద వచ్చిన మామగారు మాత్రం ఒక పూట ఇబ్బంది పెడతారు. ఆయన చెవి రిక్కించి విని, ‘అల్లుడుగారూ, సైలెన్సర్ పగిలినట్టుందండీ, మా బెజవాడ ఆటోనగర్‌లో అయితే నిలబడి ఉండగానే వెల్డింగ్ పెట్టేస్తారు’ అంటారు. దాన్ని పన్నెండు వందల డాలర్లు పెట్టి అలా చేయించామని చెప్పకండి. ‘ఇండియాలో బండి కాస్త మార్చాలన్నా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది మామయ్యగారూ, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపం మార్చడానికి వీల్లేదంది, హైదరాబాదులో పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డురోలరుతో తొక్కిస్తున్నారు, ఇక్కడ ఎంత స్వేచ్ఛో చూడండి’ అనండి. 95 డెసిబెల్స్ సంగతి ఆయనకి ఎవరు చెప్తారు?

5. కారును నేలకి దించండి. ఎంత దిగితే అంత గొప్ప. ఎత్తు అడ్జస్ట్ చేసుకునే కాయిలోవర్ స్ప్రింగులు కొనండి, కానీ ఒక్కసారి కూడా అడ్జస్ట్ చేయకండి, కిందికంటా దించి మర్చిపోండి. స్ప్రింగుకి కదిలే చోటు లేక ప్రతి గతుకూ నేరుగా వెన్నెముకకి అందుతుంది. అమ్మకి నడుం నొప్పి వస్తే విమాన ప్రయాణం వల్ల అనండి. కాంప్లెక్స్ గేటు దగ్గరి స్పీడ్ బంప్‌ని ఐమూలగా ఎక్కాలి, వెనక నాలుగు కార్లు ఆగినా తొందరపడకూడదు. ముందు బంపర్ గీసుకున్న చప్పుడు వినగానే అందరికన్నా ముందు మీరే వెనక్కి తిరిగి, వెనక కారువాడి వైపు కోపంగా చూడండి.

చక్రాలు పైన లోపలికి ఒరిగేలా బాగా క్యాంబర్ పెట్టించండి. టైరు లోపలి అంచు ఆరునెలల్లో తీగలు తేలుతుంది, బయటి అంచు కొత్తగానే ఉంటుంది. బయటిదే కదా అందరికీ కనిపించేది.

6. డిక్కీ మీద పెద్ద రెక్క. గాలి కారును నేలకి నొక్కే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, కాబట్టి ఎల్ కమినో రియల్ మీద సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పోయే కారుకి అది చేసేదేమీ లేదు. పైగా సివిక్‌ని లాగేవి ముందు చక్రాలు, మీ రెక్క నొక్కేది వెనక చక్రాలని. అయినా పెట్టించండి. బాల్కనీలో ఏదీ ఆరవేయకూడదని లీజులో ఉంటే అత్తగారు దాని మీద వడియాలు పెట్టుకుంటారు.

7. ట్యూన్. ఇంజను కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రాం ఎక్కించి టర్బో బూస్ట్ పెంచడాన్ని ట్యూన్ అంటారు. మీరు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి ఇది మీకు పుట్టుకతోనే వచ్చు. ఆఫీసులో రెండు లైన్ల కోడు మార్చాలంటే ముగ్గురి చేత రివ్యూ చేయిస్తారు, టెస్టులు రాస్తారు. ఇక్కడ ఎవడో ముక్కూమొహం తెలియనివాడు పంపిన ఫైలును ఆదివారం రాత్రి ల్యాప్‌టాప్‌తో నేరుగా ఎక్కించేయండి, పొద్దున్నే 101 హైవే ఎక్కండి. సీవీటీ బెల్టు పెరిగిన టార్క్ పట్టలేక జారుతుంది. జారినప్పుడు ఇంజను పైకి అరుస్తుంది, కారు కదలదు. ఆ అరుపును పవర్ అనుకోవడం అలవాటు చేసుకోండి.

గేర్‌బాక్స్ పోయాక డీలరు దగ్గరికి వెళ్ళి 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం గురించి గట్టిగా మాట్లాడండి. బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో వారంటీ ఎగ్గొట్టకూడదని ఆ చట్టం చెప్తుంది. ఆ పార్టు వల్లే పాడైతే ఎగ్గొట్టవచ్చని కూడా చెప్తుంది. మీరు మొదటి సగమే కంఠతా పట్టండి.

8. స్మాగ్ చెక్, అంటే కారు పొగ పరీక్ష. ఎనిమిది మోడల్ ఏళ్ళ దాకా కొత్త కార్లకి ఇది ఉండదు, ఆ తరవాత రెండేళ్ళకోసారి తప్పదు. ఇంజను గాలీ పొగా తాకే పార్టుకి కాలిఫోర్నియా గాలి బోర్డు ఇచ్చిన ఈవో నంబరు ఉండాలి. నంబరున్న పార్టు ధర ఎక్కువ, లేనిదాన్ని పెట్టెలోంచి తీస్తుంటేనే ఆనందం ఎక్కువ. ముందురోజు రాత్రి పాత పార్టులన్నీ తిరిగి బిగించి, పాత ప్రోగ్రాం ఎక్కించి, ఉదయాన్నే అమాయకంగా వెళ్ళండి. మీలాంటి తెలివైనవాళ్ళ కోసమే 2021 జులై నుంచి సాఫ్ట్‌వేర్ కూడా చూస్తున్నారు. పాతది ఎక్కించారు కాబట్టి అది దాటుతుంది, కానీ రాత్రే ఎక్కించారు కాబట్టి కారు తన సొంత పరీక్షలు ఇంకా పూర్తిచేసుకోలేదని మెషీన్ చెప్పి వెనక్కి పంపుతుంది. వారం తిరిగాక మళ్ళీ వెళ్ళండి. ఆఫీసులో ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ పెట్టుకుంటే సరి.

9. సిగ్నల్ దగ్గర పక్కన మోడల్ 3 పర్ఫార్మెన్స్ ఆగితే కిటికీలోంచి అటు చూడకండి. అది కిక్కురుమనకుండా నాలుగు సెకన్లలోపే అరవై మైళ్ళు అందుకుంటుంది, నడిపేవాడు పాడ్‌కాస్ట్ వింటూ ఉంటాడు. మీరు ఫోను వెతుక్కుంటున్నట్టు నటించండి. అది వెళ్ళిపోయి, ముందు రోడ్డు ఖాళీ అయ్యాక గట్టిగా తొక్కండి. ఆ పందెంలో మీరే ఫస్టు.

10. రేస్ ట్రాక్‌కి పొరపాటున కూడా వెళ్ళకండి. మాంటెరే దగ్గర లగూనా సెకా ఉంది. అయిదంతస్తుల మేడంత లోతుకి ఒక్కసారిగా దిగే కార్క్‌స్క్రూ మలుపు చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. ట్రాక్ డేల్లో పాత మియాటాలు, రంగు వెలిసిన సివిక్‌లు వేసుకొచ్చేవాళ్ళుంటారు. మంచి టైర్లు తప్ప పైకి ఏ హంగూ కనబడదు, కింద పడుకుని ప్రతి బోల్టూ తామే బిగించుకుంటారు, ఏది మారిస్తే కారు ఏం చేస్తుందో చెప్పగలరు. చిన్న కారును దాని ఆఖరి అంచుదాకా నడపడంలో ఉన్న సుఖం పెద్ద కారులో లేదని, పెద్ద కారు చెడితే బాగుచేయించలేమని అంటారు. వాళ్ళతో కలిస్తే మీ రెక్కను చూసి ఏమీ అనరు, అదే బాధ. పైగా అక్కడ శబ్దానికి హద్దుంది, స్టాప్‌వాచ్ ఉంటుంది. స్టాప్‌వాచ్‌కి సాకులు చెప్పలేం.

అర్ధరాత్రి వీధిలో పందేలు కట్టడం ఇంకా సుఖం. దొరికితే కారును ముప్ఫై రోజుల దాకా పోలీసులే జాగ్రత్తగా పార్క్ చేసి పెడతారు, అద్దె మాత్రం మీరు కట్టాలి.

11. ఇన్సూరెన్సుకి ఏదీ చెప్పకండి. ప్రీమియం మిగులుతుంది. క్లెయిము రోజున ఫొటోలు వాళ్ళే తీసుకుంటారు.

12. పనిలో సగం మీరే చేయండి. విప్పే సగం. బిగించే సగానికి వర్షం వస్తుంది, రిలీజ్ వస్తుంది, సంక్రాంతి వస్తుంది. అపార్ట్‌మెంట్ ఆఫీసు నోటీసు అంటిస్తే దాన్ని వైపరు కిందే ఉంచేయండి, పూర్తవుతుందని వాళ్ళకి నమ్మకం కలుగుతుంది. ఈలోగా భార్య కారు తీసుకుని ఆఫీసుకి వెళ్ళండి. ఆమెకి కాల్‌ట్రెయిన్ ఉంది.

13. అమ్మకం. పర్షియన్ డ్రైవ్ గుడిలో వాహన పూజ చేయించిన నాటి కారులో ఇప్పుడు మిగిలింది స్టీరింగూ, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడూ. కారు ధరకి పెట్టిన పార్టుల ధరంతా కలిపి, మీ కష్టానికి కూలీ వేసి, రేటు చెప్పండి. ‘బేరాలు వద్దు, నా బండి విలువ నాకు తెలుసు’ అని పెద్దక్షరాల్లో రాయండి. మొదట ఫోను చేసినవాడు ఒరిజినల్ స్ప్రింగులూ సైలెన్సరూ ఉన్నాయా అని అడుగుతాడు. అవి చోటు చాలక ఎప్పుడో ఉచితంగా ఇచ్చేశారు, కాబట్టి ఫోను పెట్టేయండి. రెండోవాడు రిమ్ములు మాత్రం అడుగుతాడు. మూడోవాడు ఫోను చేయడు.

అమ్ముడుపోలేదని దిగులుపడకండి. ఆఫీసుకి వెళ్ళిరావడానికి, మామగారిని గుడికి తీసుకెళ్ళడానికి ఎలాగూ ఒక నమ్మకమైన బండి కావాలి. వచ్చే శనివారం వెళ్ళి, ఏ మార్పూ లేని ఒక పాత కరోలా చూడండి. కొన్నాక దాన్ని మాత్రం ముట్టుకోకండి, కనీసం మొదటి బ్యాంకు స్టేట్‌మెంట్ వచ్చేదాకా.