బాగు బాగోతం

నంద్యాలలో పాత ఇంటికి పని పెట్టించాలంటే ముందు దాన్ని తిట్టాలి. ముహూర్తం, కొబ్బరికాయ ఆ తరవాత. ఆ తిట్టే శ్రమ కూడా మనకు ఉండదు, కాంట్రాక్టరే చూసుకుంటాడు. వస్తాడు, గోడమీద వేలి కణుపుతో రెండు దెబ్బలు వేస్తాడు, పైకప్పు వంక చూసి నాలుక చప్పరిస్తాడు. "ఏముందన్నా ఇందులో, అంతా మట్టే గదా!" అంటాడు. తాత కట్టించిన ఇల్లు, నాన్న పెళ్లి జరిగిన ఇల్లు ఆ ఒక్క మాటతో ముద్దాయి అయిపోతుంది. దాని తరఫున మాట్లాడే వకీలు ఇంట్లో ఒక్కరూ ఉండరు. ముసలమ్మ ఏదో అనబోతే కోడలు కాఫీ తెమ్మందని లోపలికి పంపిస్తారు.

"ఎంతవుతుందప్పా?" అని అడిగితే ఒక అంకె చెబుతాడు. అది ఇంటిని కొలిచి చెప్పిందనుకునేవాడు అమాయకుడు. మన ముఖాన్ని కొలిచి చెప్పింది అది. ఎంత చెబితే మనం పారిపోకుండా తలూపుతామో అంతే చెబుతాడు. అసలు అంకె మిద్దె పీకినాక బయటపడుతుంది. గోడలో దిగిన దూలం మొన పుచ్చిందని అప్పుడు తెలుస్తుంది, పునాది రాయి జరిగిందని అప్పుడు తెలుస్తుంది, కరెంటు వైర్లు ఏ కాలం నాటివో అప్పుడు తెలుస్తుంది. పైన ఆకాశం, కింద మట్టికుప్ప, సామాను బాడుగ ఇంట్లో. ఆ స్థితిలో బేరమాడిన మగాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

అంకె పెరిగినప్పుడల్లా మనకు ఒక మంత్రం వినిపిస్తారు: "ఇది ఖర్చు అనుకోవద్దన్నా, పెట్టుబడి. ఇంటి విలువ పెరుగుతుంది." ఈ మంత్రానికి మహిమ ఎంతో చూడాలంటే ఇల్లు అమ్మకానికి పెట్టి చూడండి. కొనేవాడు ముందు అడిగేది ఎన్ని సెంట్లు, ఏ ముఖం, వీధి వెడల్పు ఎంత. సెంటు ఇంతని లెక్కగట్టి స్థలానికి ధర చెబుతాడు. మీరు పోసిన స్లాబు, పరిచిన టైల్సు, వేలాడదీసిన సీలింగు అన్నీ చూసి, గోడమీద వేలి కణుపుతో రెండు దెబ్బలు వేసి, "ఏముందన్నా ఇందులో" అంటాడు. పైగా ఇదంతా పడగొట్టించి, రాళ్లూ మట్టీ తోలించే ఖర్చు తనదే గనక ధర తగ్గించమంటాడు. పెట్టుబడి అంతా ట్రాక్టరెక్కి ఊరి బయట గుంతలోకి పోతుంది.

ఇంతకీ మనం తిట్టించిన ఆ మట్టిమిద్దె చేసిన నేరమేమిటి? రెండడుగుల మందం రాతిగోడ. దాని మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన కట్టె పరుపో నాపబండలో, వాటి మీద మందంగా మట్టి, అన్నిటికన్నా పైన వాననీరు దిగకుండా చౌడు. వెలుతురు కోసం నడిమధ్య ఒక గవాచి. ఏటా వానలకు ముందు నాలుగు బండ్ల చౌడు తోలించి చల్లితే పైకప్పుకు ఆ సంవత్సరపు బాధ్యత తీరినట్టే. ఖర్చు బండి బాడుగ, మనిషి కూలి. ఎండాకాలంలో రాష్ట్రంలో ఎక్కువ వేడి నమోదైన చోట్ల పేర్లు చదివితే నంద్యాల జిల్లా మండలాల పేర్లు తరచూ వినబడతాయి. బయట 44, 45 డిగ్రీలు కాస్తున్నప్పుడు ఆ మిద్దె కింద చాప పరుచుకుని మధ్యాహ్నం నిద్రపోయిన తరాలు ఉన్నాయి. నెలకు ఒక్క పైసా తీసుకోకుండా వాళ్లను చల్లగా ఉంచడమే దాని నేరం. ఉచితంగా చేసే పనికి మన ఊళ్లో ఎప్పుడూ గౌరవం లేదు.

ఇక కింద చూడండి. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల చుట్టూ భూమిలో సున్నపురాయి పొరలు పొరలుగా ఉంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు, 3,229 మీటర్ల పొడవున, ఆ రాతిని నీళ్లు తొలచగా ఏర్పడినవే. ఆ రాయిని పలకలుగా తీస్తే మన నాపరాయి. తరతరాల పాదాలు తొక్కి నున్నగా చేసిన బండలు, తడిబట్టతో తుడిస్తే నల్లగా మెరిసే బండలు. వాటిని పలుగు పెట్టి లేపించి, గుజరాత్‌లోని మోర్బి నుంచి వచ్చిన టైల్సు పరిపించడమే బాగుచేతలో మొదటి అంకం. ఇక్కడి రాయి లారీలకెక్కి బయటి ఊళ్లకు పోతుంది. అక్కడ డబ్బున్నవాళ్లు దాన్ని తమ తోట బంగళాల్లో ముచ్చటపడి పరిపించుకుంటారు. మోర్బి టైల్సు మన ఇంటికి వస్తాయి. రెండు లారీలూ దారిలో ఎదురుపడి హారన్ కొట్టుకుంటూ పోతుంటాయి. కొత్త టైల్సు మీద మొదటి వానకే పెద్దాయన జారి పడితే, ఆ ఖర్చు ఆర్థో డాక్టరు పుస్తకంలో రాస్తారు గానీ ఎస్టిమేటులో ఎవరూ రాయరు.

ఇదే రాయికి ఇంకో జన్మ కూడా ఉంది. పలకగా తీయకుండా పొడి చేసి, బట్టీలో 1,450 డిగ్రీల దాకా కాల్చి, మళ్లీ నూరి బస్తాలో పోస్తే సిమెంటు. జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలకు కొదవ లేదు, బుగ్గానిపల్లె దగ్గర ఏకంగా సిమెంట్ నగర్ అనే ఊరే వెలిసింది. అంటే మన వ్యవహారం ఇదీ: చల్లగా ఉన్నప్పుడు ఆ రాయి కాళ్లకింద వద్దంటాం, కాల్చి తెచ్చి అమ్మితే నెత్తిమీద పోయించుకుంటాం. ఫ్యాక్టరీ పొగ మన పెరట్లోకే వస్తుంది గదా, బస్తా ధరలో మనకేమైనా చుట్టరికం చూపిస్తారా అంటే అదీ లేదు. 2012లో కాంపిటీషన్ కమిషన్ దేశంలోని 11 సిమెంటు కంపెనీలు కుమ్మక్కై ధరలు నడిపించాయని చెప్పి 6,300 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు కాదన్నాయి, కోర్టులకెక్కాయి, ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పండగే. చౌడుకు మాత్రం ఇలాంటి పండగలేమీ లేవు, అందుకే కాబోలు దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇసుక సంగతి ఇంకా గమ్మత్తు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఇసుక ఉచితం. తవ్వినందుకు డబ్బు, ఎత్తినందుకు డబ్బు, తోలినందుకు డబ్బు, మధ్యలో ఆపినవాడు ఆపినందుకు డబ్బు. ఇసుక మాత్రం ఉచితం.

సరే, స్లాబు పడింది. ఏప్రిల్ వచ్చింది. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రంతా దాన్ని మన మంచం మీదికి వదులుతుంది. అప్పుడు రెండో విడత బాగుచేత మొదలవుతుంది. ముందు ఏసీ. ఏసీ చల్లదనం నిలవాలంటే ఎత్తు తగ్గించాలి గనక ఫాల్స్ సీలింగు. సీలింగు వేశాక ఫ్యాను గాలి ఆనదు గనక రెండో గదికీ ఏసీ. ఏసీలు పెరిగాయి గనక మీటరు లోడు పెంచమని కరెంటాఫీసుకు అర్జీ. స్లాబు పైన తెల్ల కూల్ పెయింటు. పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది, 2028 దాకా అమలుకు. మంచిదే, వేడిలో ఉడికే బస్తీలకు అవసరమే. కానీ మా అవ్వ ఏటా చౌడు చల్లించి అమలు చేసిన విధానానికి మాత్రం ఆవిష్కరణ సభ జరగలేదు. ఇల్లు ఊరికే ఇస్తున్న చల్లదనాన్ని లక్షలు పోసి పీకించి, మళ్లీ నెలవారీ బిల్లు మీద అద్దెకు తెచ్చుకోవడాన్నే మనం అభివృద్ధి అంటున్నాం.

అందం విషయానికి వద్దాం. ఆళ్లగడ్డలో శిల్పులున్నారు. రాయిని దేవుడిగా చెక్కి దూర దూరాల గుళ్లకు పంపే చేతులు అవి. ఆ ఊళ్లోనే, ఆ ఉలి చప్పుడు వినబడే వీధుల్లోనే, మరమ్మతు చేయించిన ఇంటి ముందు అచ్చులో పోసిన సిమెంటు సింహాలు రెండు కూర్చుంటాయి, నోట్లోంచి ఇనుప చువ్వ కనబడుతూ. పాత ఇంటి చెక్కడపు దర్వాజా మాత్రం పాతసామాను వాడికి తూకానికి పోతుంది. వాడు దాన్ని పాలిష్ పట్టించి హైదరాబాదులో పురాతన వస్తువుగా అమ్ముకుంటాడు. మన పెద్దకొడుకు అక్కడ రెస్టారెంటులో దాని ముందు నిలబడి సెల్ఫీ తీసి ఇంటికి పంపిస్తాడు.

అసలు మనకు పాత ఇళ్ల మీద మమకారం లేదనడం అన్యాయం. బనగానపల్లె నవాబు బంగళా చూడండి. 2009లో 'అరుంధతి' సినిమా వచ్చిన నాటి నుంచి దానికి అరుంధతి కోట అని పేరు స్థిరపడింది, యాగంటి గుడికి పోయేవాళ్లు దారిలో దిగి ఫొటోలు తీసుకుంటారు. "ఎంత బాగుందో, పాతకాలం కట్టడమంటే అదీ!" అని నిట్టూరుస్తారు. నిట్టూర్చి, కారెక్కి, సొంత ఇంటి మిద్దె ఎప్పుడు పీకాలో కాంట్రాక్టరుకు ఫోను చేస్తారు. పాత ఇల్లు పాడుబడాలి, పరాయివాడిది అయ్యుండాలి, సినిమాలో కనబడాలి. అప్పుడే మనకు అందంగా అనిపిస్తుంది.

వాస్తు లేకుండా బాగుచేత పూర్తి కాదు. మొదటి సిద్ధాంతి మెట్లు నైరుతికి మార్పిస్తాడు. రెండో ఆయన వచ్చి, ఇంతటి ఘోరం ఎవరు చేయించారని చెవులు మూసుకుంటాడు. ఇంట్లో మనిషికి ఆరోగ్యం బాగోకపోతే డాక్టరు కన్నా ముందు మరుగుదొడ్డి స్థలం మారుతుంది. ఇదంతా పల్లెటూరి చాదస్తమని నవ్వకండి. హైదరాబాదు సచివాలయానికి వాస్తు బాగాలేదన్న మాట ఏళ్ల తరబడి వినబడింది. 2000 తరవాత కట్టిన బ్లాకులతో సహా దాన్ని 2020లో కూల్చారు. 600 కోట్లకు పైగా ఖర్చుతో కొత్తది లేచింది, 2023 ఏప్రిల్ 30న గృహప్రవేశం. ఆ ఏడాది డిసెంబరులో ఎన్నికల ఫలితాలు వచ్చాయి, కట్టించినవాళ్లు బయటికి, బయట ఉన్నవాళ్లు లోపలికి. వాస్తు పనిచేయలేదని ఎవరంటారు? ఎవరికి పనిచేస్తుందో ముందుగా రాయించుకోకపోవడమే పొరపాటు.

ఇంకొన్ని ఖర్చులు మన తప్పు లేకుండానే నెత్తిన పడతాయి. కుందూ, మద్దిలేరు, చామకాల్వ అనే ఏరుల నడుమ ఉన్న ఊరు మనది, వానంటేనే భయం. వీధిలో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దాని నెత్తినే కొత్తది పోస్తారు. ప్రతి ఎన్నికకూ వీధి ఒక జానెడు ఎత్తు పెరుగుతుంది. మెట్లెక్కి పోయిన ఇంట్లోకి ఇప్పుడు మెట్లు దిగి పోవాలి. వాన పడితే వీధి నీళ్లు గడప దాటి పలకరిస్తాయి. నాయకుడు రోడ్డుకు రిబ్బన్ కత్తిరిస్తాడు, మనం ఇల్లు పైకెత్తించే జాకీలవాడి నంబరు వెతుక్కుంటాం.

ఇదంతా విని మట్టిమిద్దెలే స్వర్గమని నేనంటున్నానని కొందరు అంటారు. అలా అనడం లేదు, పట్టించుకోని మిద్దె ప్రాణం తీస్తుంది. 2024 ఆగస్టులో చాగలమర్రి మండలం చిన్నవంగలిలో మట్టిమిద్దె కూలి ఒకే ఇంట్లో నలుగురు నిద్రలోనే పోయారు. ఇక్కడ నవ్వడానికేమీ లేదు, కోపగించుకోవడానికి మాత్రం చాలా ఉంది. పుచ్చిన దూలం మార్చడం, గోడ అడుగున చెమ్మ ఆపడం, పైన నీళ్లు నిలవకుండా వాలు సరిచేయడం: ఇవీ అసలు మరమ్మతులు. డబ్బున్నవాడు ఇవి చేయించడు, ఎందుకంటే చుట్టాలకు కనబడవు. డబ్బు లేనివాడు చేయించలేడు, ఎందుకంటే అడిగితే ఇచ్చేవాడు లేడు. సర్కారు లెక్క కూడా కొత్త ఇంటి వైపే మొగ్గుతుంది. పాత పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇల్లు కొన్నా కట్టినా అప్పు మీద వడ్డీకి 2 లక్షల దాకా మినహాయింపు. ఉన్న ఇంటికి మరమ్మతు చేయిస్తే 30 వేలు. కొత్త విధానంలో ఆ రెండూ లేవు. అంటే ఢిల్లీ కూడా మన కాంట్రాక్టరు భాషే మాట్లాడుతోంది: ఏముందన్నా అందులో, పీకేయ్!

కనుక ఈసారి ఎస్టిమేటు కాగితం చేతికొచ్చినప్పుడు, కింద మొత్తం చూసి గుండె పట్టుకునే ముందు, పక్కన మూడు గడులు గీయించండి. ఒకటి, పీకేస్తున్నది ఏమిటి. రెండు, అది ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఏ పని చేసింది. మూడు, ఆ పని రేపటి నుంచి ఎవరు చేస్తారు, నెలకు ఎంత తీసుకుంటారు. నాపబండకు ఎదురుగా రాయమనండి, చౌడుకు ఎదురుగా రాయమనండి, రెండడుగుల గోడకు ఎదురుగా రాయమనండి. పుచ్చిన దూలానికి ఎదురుగా 'ఏ పనీ చేయడం లేదు' అని నిజాయితీగా రాస్తే, సంతోషంగా మార్పించండి, ఆ డబ్బు దండగ కాదు.

మిగతా గడులు నింపమంటే కాంట్రాక్టరుకు ఇంకోచోట అర్జెంటు పని గుర్తొస్తుంది. వెళ్లనివ్వండి. ఆయన గేటు దాటిన నిమిషమే ఇంటి మీద మీ మొదటి లక్ష మిగిలినట్టు.