సామెతలో మిగిలిన సగం

నౌపడ మడుల్లో సముద్రపు నీరు ఎండకు ఇగిరిపోతే మిగిలినదాన్ని నేను, ఉప్పును. నీటిని వదిలి పుట్టినా దాని మీద నాకు మమకారం చావలేదు. వానాకాలం డబ్బాలో చెమ్మ పీల్చి ముద్దకట్టినా, జాడీలో మామిడిముక్క నుంచి ఊట లాగినా అదే నా నైజం. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదని తెలుగువాళ్ళ సామెత. అందులో సగం సంగతే ఉంది. తాగినవాడు నడిరాత్రి లేవక తప్పదన్నది మిగిలిన సగం. నా పేరు చెప్పగానే అందరూ రక్తపోటు దగ్గర ఆగిపోతారు. నిద్ర చెడినప్పుడూ నన్ను నిలదీయాలన్నదే నా వాదన.

నా బరువులో దాదాపు 40 శాతం సోడియం. రక్తంలో అది పెరిగితే దాహం వేస్తుంది, తాగిన నీరు ఒంట్లోనే నిలుస్తుంది. అదనపు సోడియాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి. వయసు పైబడినవారిలో, రక్తపోటు ఉన్నవారిలో చాలామందికి ఆ పని పగటితో తెమలదు, రాత్రికీ మిగులుతుంది. పగలంతా కాళ్ళలోకి దిగిన నీరు పడుకోగానే మళ్ళీ రక్తంలో చేరుతుంది. మూత్రాశయం నిండుతుంది, నిద్ర తెగుతుంది. 2017లో లండన్‌లో జరిగిన ఐరోపా యూరాలజీ సదస్సులో నాగసాకి విశ్వవిద్యాలయ వైద్యుడు తొమొహిరో మత్సువో బృందం ఈ లెక్కే చూపింది. రోజుకు 10.7 గ్రాముల నుంచి 8 గ్రాములకు నన్ను తగ్గించిన 223 మంది రాత్రిళ్ళు లేవడం సగటున 2.3 సార్ల నుంచి 1.4కు తగ్గింది. నా వాడకం 9.6 నుంచి 11 గ్రాములకు పెరిగిన 98 మందిలో అది 2.3 నుంచి 2.7కు పెరిగింది.

తగ్గించినవాళ్ళు ఇతర అలవాట్లూ మార్చుకుని ఉండొచ్చు కదా అంటారా? నిజమే, ఈ ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేం. మధుమేహం, ప్రోస్టేట్ వాపు కూడా రాత్రిళ్ళు లేపుతాయి, వాటి నేరం నా మీద వేసుకోను. కానీ తగ్గిస్తే ఒకవైపు, పెంచితే మరోవైపు ఫలితం కదలడాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. పడుకునే ముందు నీళ్ళు మానేస్తే సరిపోదా అన్నది మరో ప్రశ్న. కొంత మేలే. అయితే ఆ దాహం పుట్టించిందే నేను, నన్ను వదిలి చెంబును దాచిపెడితే ఏం లాభం?

అలాగని నన్ను పూర్తిగా వెలివేసినా నిద్ర పట్టదు. సోడియం బాగా తగ్గించిన భోజనంతో ఆరోగ్యవంతుల రక్తంలో రాత్రివేళ నోర్ఎపినెఫ్రిన్ అనే ఒత్తిడి హార్మోను పెరిగి నిద్ర చెదిరిందని 1983లోనే ఒక పరిశోధన చెప్పింది. కాబట్టి తగువు నాతో కాదు, కొలతతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములలోపు, అంటే ఒక చిన్న చెంచాలోపు చాలంటుంది. లోకం సగటున తినేది అందుకు రెట్టింపు. కూరలో చేయి బిగబట్టినా ఆవకాయలో, అప్పడంలో, చిప్స్ పొట్లంలో నేను లెక్కకు అందకుండా కంచంలోకి వస్తాను. అర్ధరాత్రి మెలకువకు జవాబు వెతకాల్సింది ఆ కంచంలోనే.