మళ్లీ మొలిచిన బొటనవేలు

29 కార్మిక చట్టాలను మూటగట్టి నాలుగు కోడ్‌లు చేశామనీ, 2025 నవంబరు 21 నుంచే అమలనీ, ఇక కార్మికుడికి అంతా సులభమేననీ ఢిల్లీ చాటింపు వేసింది. ఆ సులభమేమిటో తెలియాలంటే బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ఒక రేకుల షెడ్డులో పవర్ ప్రెస్సు నడిపే మనిషిని ఊహించుకోవాలి. వయసు 30, జీతం 22,000. కుడికాలు పెడల్ మీద, ఎడమ చెయ్యి రేకు మీద. దసరాకు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టిన ప్రెస్సే, వారం తిరక్కుండా అతని ఎడమ బొటనవేలు మొదలంటా తీసేసుకుంది.

కంగారు పడక్కర్లేదు. చట్టం దగ్గర ధరల పట్టీ ఉంది. ఇప్పుడా కోడ్‌లలో కలిసిపోయిన 1923 నాటి పరిహార చట్టంలో బొటనవేలు 30 శాతం, చూపుడువేలు 14, మధ్యవేలు 12, ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఎముక పోకుండా చిటికెన వేలి కొస ఒక్కటే తెగితే 2. ఏకలవ్యుడి కాలానికి ఈ పట్టీ లేదు కాబట్టి ద్రోణుడు బతికిపోయాడు.

ఇక లెక్క. జీతం 21,000 దాటింది కనుక ఈఎస్‌ఐ తలుపు మూత. సరేనని పరిహారం కమిషనర్ దగ్గరికి వెళితే, అక్కడ జీతం ఎంతున్నా 15,000 దాకానే చూస్తారు; 2020 జనవరి నుంచి అదే గీత. దాంట్లో 60 శాతాన్ని 30 ఏళ్ల వయసుకు రాసిపెట్టిన 207.98తో గుణిస్తే మొత్తం మనిషి ఖరీదు 18,71,820 రూపాయలు. అందులో బొటనవేలు 5,61,546.

అసలు వైద్యం ఇక్కడ మొదలవుతుంది.

గేటు ముందు టీ కొట్టులో ఒక బ్రోకరు తగులుతాడు. "మా వకీల్ సాబ్ చూసుకుంటడన్నా, నువ్వొక్క పైస పెట్టకు. పైసలొచ్చినంక మూడో వంతు ఇస్తే చాలు." వచ్చే డబ్బులో వకీలు వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. అందుకే ఆ మాట టీ గ్లాసు దగ్గరే ఆగిపోతుంది, కాగితమెక్కదు. మూడో వంతు పోగా మిగిలేది 3,74,364. అంటే అణా పైసలతో సహా 20 శాతం. పట్టీలో చూస్తే అది బొటనవేలి ఒక్క కణుపు పోయినవాడి ధర! ఏ సర్జనుకూ చేతకానిది వకీలు సాధించాడు. ఒక కణుపు అతికించేశాడు.

వైకల్యం సర్టిఫికెట్టు కోసం తిరుగుళ్లు, జిరాక్సులు, వాయిదా వాయిదాకూ పోయే కూలి, ఈలోగా తెచ్చిన అప్పు మీద వడ్డీ. ఇవన్నీ కలిసి లక్షా పది వేలు తేలితే లెక్క 14 శాతానికి దిగుతుంది. శుభం, బొటనవేలు పూర్తిగా మొలిచింది. పోయింది చూపుడువేలేనట. ఇంకొన్నాళ్లు కేసు నడిస్తే మధ్యవేలు, ఇంకాస్త ఓపిక పడితే చిటికెన వేలు. అప్పుడు ఓనరు దగ్గర్నుంచి కబురొస్తుంది: "కోర్టులెందుకు తమ్మీ, ఇగో యాభై వేలు, ఈ కాగితం మీద కానిచ్చెయ్." యాభై వేలంటే పట్టీలో చిటికెన వేలి కొస కన్నా కాస్త ఎక్కువ. చిన్న బ్యాండేజీ వేస్తే సరిపోయే దెబ్బ.

ఆ కాగితం చెల్లదు. హక్కు వదులుకున్నట్టు ఎవరేం రాయించుకున్నా చెల్లదని అదే 1923 చట్టంలో 17వ సెక్షన్ చెప్పింది. నెలలోగా కట్టని యజమాని మీద ఏటా 12 శాతం వడ్డీ, సొమ్ములో సగం దాకా జరిమానా ఉన్నాయి. కమిషనర్ మూడు నెలల్లో తేల్చాలని ఉంది. ఓనరు హైకోర్టుకు పోవాలన్నా ముందు డబ్బు జమ కట్టాలి. కార్మికుడి తరఫున యూనియన్ మనిషి నిలబడొచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం, 12వ సెక్షన్, పారిశ్రామిక కార్మికుడికి జీతంతో నిమిత్తం లేకుండా సర్కారు ఖర్చు మీద వకీలును ఇస్తుంది. టీ కొట్టు బ్రోకరు అవసరం లేదు. 15100కు ఒక్క ఫోను.

మరి ఆ ఐదంకెలు ప్రెస్సు పక్క గోడ మీద ఎందుకుండవు? కట్టు కట్టిన ఆస్పత్రి చీటీ మీద ఎందుకుండవు? పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో 54 మంది చనిపోతే కెమెరాల ముందు కోటి రూపాయల ప్రకటన వచ్చింది. ఒక్క వేలికి కెమెరా రాదు, కనీసం వకీలును ఉచితంగా అడగొచ్చని చెప్పే మనిషి కూడా రాడు. 29ని నాలుగు చేసే తీరిక దొరికిన ప్రభుత్వానికి ఒక గోడ మీద ఫోన్ నంబరు రాయించే తీరిక దొరకలేదంటే అది మరుపు కాదు. ఆ నంబరు తెలియని కార్మికుడే అందరికీ సులభం.

ఈలోగా బ్రోకరు మన మనిషిని వకీలు ఆఫీసులో కూర్చోబెట్టాడు. సంతకం రాదంటే గుమాస్తా తలెత్తకుండానే ఇంకు ప్యాడు ముందుకు తోశాడు. "మగోళ్లది ఎడమ బొటనవేలు," అన్నాడు.