నాలుగు సాక్సులు, సున్నా సాధన

ఇరవై ఏళ్లు బరాత్‌ల్లో సాక్సాఫోన్ మెడలో వేసుకుని, బుగ్గలు ఉబ్బించి, ఊదకుండానే కూలి తెచ్చుకున్నవాణ్ని. డప్పులూ డ్రమ్ములూ నన్ను కాపాడాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బ్యాండ్ తమ్ముళ్లు నలుగురు కలిసి కొత్త సంగీతం కచేరీ ఒప్పుకుంటే మాత్రం ఇబ్బందే. చిన్న హాలు, మైకుండదు, డ్రముండదు. సొప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్: ఎవరి వరస వారొక్కరే వాయించాలి. దాక్కునే చోటే లేదు. అయినా భయపడకండి, దారి చెప్తాను.

1. డబ్బంతా బయానా కిందే తీసుకోండి. ఆ రోజే పంచుకుని ఖర్చు పెట్టేయండి. ఇక సాధన చేయాలన్న బుద్ధి దానంతటదే పోతుంది.

2. రిహార్సల్ ఏ ఊళ్లోనో తేల్చకండి. జగిత్యాల తమ్ముడు కోరుట్ల అనాలి, కోరుట్ల తమ్ముడు సిరిసిల్ల అనాలి. సోమవారం వేములవాడ రాజన్న మొక్కు, మంగళవారం కొండగట్టు అంజన్న, బుధవారం ఒళ్లునొప్పులు. శనివారం మళ్లీ అంజన్నే. వారం గడిచిపోతుంది.

3. తప్పనిసరైతే సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) షెడ్డు పక్కన కూర్చోండి. సాంచాలు నడిచినంతసేపు ఎవరి తప్పూ ఎవరికీ వినబడదు. కరెంటు పోగానే చాయ్‌కి లేవండి.

4. ఒకే స్వరాల కాగితం నలుగురికీ జిరాక్స్ తీయించండి. ఆల్టో, బారిటోన్ల శ్రుతి ఈ-ఫ్లాట్, సొప్రానో, టెనర్లది బి-ఫ్లాట్ అని రాసేవాళ్లు ఎవరి కాగితం వారికి వేరుగా రాస్తారు. అంత చాదస్తం మీకెందుకు? చిన్న సాక్సైనా పెద్ద సాక్సైనా వేళ్లు ఒకేలా పడతాయి, కాగితమూ ఒకటే చాలు. స్వరాలు కొట్టుకుంటే అదే కొత్త సంగీతమనండి.

5. స్వరకర్త గ్లాజునోవ్ 1932లో నాలుగు సాక్సులకు రాసిన క్వార్టెట్ జోలికి పోకండి, దానికి చాలా నేర్చుకోవాలి. ఫిలిప్ గ్లాస్ 1995లో రాసింది పట్టుకోండి. అందులో చిన్న ముక్కలు మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటి ముక్క నేర్చుకుని దాన్నే తిప్పండి. ఎన్నిసార్లో లెక్కపెట్టకండి. ముందు అలసిపోయినవాడు ఆపగానే అందరూ ఆపండి.

6. పోయిన పెళ్లిళ్ల సీజన్ రీడే బిగించండి, అంచు విరిగినా సరే. నోట్లో నానబెట్టకండి. ఒకే గొట్టంలోంచి ఒకేసారి రెండు మూడు స్వరాలు తీయడానికి కొందరు నెలలకొద్దీ కష్టపడతారు. మీకు విరిగిన రీడే ఆ పని చేసిపెడుతుంది. కీచుమన్నప్పుడు కళ్లు మూసుకుని తల ఊపండి.

7. ఎవరైనా నిలదీస్తే కద్రి గోపాల్‌నాథ్ గారి పేరు చెప్పండి. సాక్సాఫోన్‌పై కర్ణాటక సంగీతం పలికించి, 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ దాకా వెళ్లారాయన. గమకాల కోసం వాద్యాన్నే మార్పించుకున్నారు. మీరేమీ మార్చనక్కర్లేదు. వేలు జారిన ప్రతిసారీ గమకమనండి.

8. ముందు వరసలో బావమరదుల్ని కూర్చోబెట్టండి. మీరు తడబడగానే వాళ్లు చప్పట్లు కొట్టాలి. పాట అక్కడితో అయిపోయిందని జనం లేస్తారు, మీకు సగం కష్టం తగ్గుతుంది.

సగం కచేరీకే కుర్చీలు ఖాళీ అయ్యాయంటే గెలిచినట్టే. తప్పు పట్టేవాళ్లు మిగలరు. మూడూళ్లలోనూ మళ్లీ ఎవరూ పిలవరు, సాధన చేయమని అడిగేవాడే ఉండడు. సాక్సును పెట్టెలో పెట్టి తాళమేయండి, తాళంచెవి చివరి బస్సులో మరిచిపోండి. నాకు ఇరవై ఏళ్లు పట్టిన సుఖం మీకు ఒక్క సాయంత్రంలో దక్కుతుంది.