ఒమాన్ చలి పద్యం: టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

మస్కటందు చలియు మచ్చుకు లేదంచు
జబలుకెక్కి రాత్రి జలుబు తెచ్చి
గదిని మూసి బొగ్గు కాల్చి నిద్రించిన
చలికి ముందు తానె చల్లబడును

టీక

మస్కటందు = మస్కట్ నగరంలో; చలియు = చలి అనేది; మచ్చుకు లేదు + అంచు = పేరుకైనా లేదని అంటూ. ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు. జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత సగటున 17, 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆదిలాబాద్ నుంచో లంబసింగి నుంచో వెళ్లినవారు దాన్ని చలి కింద జమకట్టరు. అయినా స్నానాల గదిలో మాత్రం రుతువు మారుతుంది. ఎండాకాలమంతా మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్లే కుళాయిలోంచి దిగుతాయి కనుక గీజరు ఆపి, అందులో నిలవున్న నీళ్లనే చన్నీళ్లుగా వాడుకుంటారు. డిసెంబరు రాగానే ఆ గీజరు మళ్లీ గీజరవుతుంది. పొగలు కక్కే నీళ్లు చర్మం మీది నూనెను కడిగేస్తే, పొడిగాలి ఉన్న తేమను పీలుస్తుంది. ఫలితం తెల్లబారిన మోచేతులు, పగిలిన మడమలు, చిట్లిన పెదవులు. గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించి, ఒంటి మీద చెమ్మ ఆరకముందే కొబ్బరినూనో వాజిలీనో రాసుకోవడం దీనికి విరుగుడు. చలికి దాహం అంతగా వేయదు కాబట్టి నీళ్లు గుర్తుపెట్టుకుని తాగాలి.

జబలుకు + ఎక్కి = కొండకు ఎక్కి. సందర్భాన్ని బట్టి జబల్ అఖ్దర్ అని గ్రహించాలి. శుక్ర, శనివారాల సెలవుకు మస్కట్‌లోని రువీ నుంచి బయలుదేరే బండ్లు చాలా చేరేది అక్కడికే. సైక్ పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. ఇంకా ఎత్తైన, సుమారు 3,000 మీటర్ల జబల్ షమ్స్ మీద, శీతాకాలపు రాత్రి సున్నా కిందికి దిగడమూ ఉంది. జబల్ అఖ్దర్ దారి మొదలయ్యే బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ లేని బండిని పైకి పోనివ్వరు. స్వెట్టరు లేని మనిషిని ఆపే నిబంధన మాత్రం లేదు. విజిట్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులను వెంట తీసుకెళ్లేవారికి ఈ పదం ముఖ్యం. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. బీపీ మాత్ర కింద ఇంట్లో మరిచిపోరాదు. తెల్లవారుజామునే చలిలో ఎత్తు ఎక్కడం పెద్దవారికి కూడదు. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారు వేడినీళ్ల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుంటే కాలినా తెలియదు.

రాత్రి జలుబు తెచ్చి. ఇక్కడ కవి తొందరపడ్డాడు. జలుబును తెచ్చేవి వైరస్‌లు. అలాంటివి రెండు వందలకు పైగా ఉన్నాయి. ఒంట్లో చేరాక సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులకు గానీ అవి బయటపడవు. కనుక కొండ మీద తుమ్మినవాడు జలుబును కింద నుంచే, బహుశా నలుగురు పడుకునే క్యాంపు గదిలోంచే, తెచ్చుకున్నాడని అన్వయించాలి. చల్లని పొడిగాలి ముక్కు లోపలి రక్షణను తగ్గించి సాయం చేస్తుందనడం వరకు కవిది ఒప్పే. సబ్బుతో చేతులు కడగడం, మోచేతి మడతలోకి తుమ్మడం, కిటికీ కాస్త తెరిచి ఉంచడం నివారణ. ఫ్లూ అయితే ఏటా టీకా. ఈ పద్యానికి రాసే టీక వేరు, భుజానికి వేసేది వేరు. రెండోది పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి చలి ముదరకముందే వేయించుకోవాలి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం నేటికీ తెలుగువారి పెట్టెల్లో గల్ఫ్ చేరుతుంది. అలాంటి బామ్‌లలోని మెంథాల్ ముక్కు తెరుచుకున్న భావన కలిగిస్తుంది, తెరవదు. ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే బామ్ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

గదిని మూసి, బొగ్గు కాల్చి, నిద్రించిన = తలుపు మూసి, నిప్పులు పెట్టుకుని నిద్రపోతే. పద్యానికి ఆయువుపట్టు ఇదే. ఆరుబయట మిష్కాక్ (పుల్లకు గుచ్చిన మాంసం) కాల్చుకుని తిన్నాక పొయ్యిలో నిప్పులు ఎర్రగా మిగులుతాయి. పొగ లేదు కదా అని, చలి పెరిగాక ఆ పొయ్యిని గుడారంలోకి జరుపుతారు. పొగ లేని ఆ నిప్పులోంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు; రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే ఫ్లూ అనుకోవడం మామూలే. అయితే జ్వరం ఉండదు. గుడారంలో ఉన్న అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తుంది. వెంటనే అందరూ బయటి గాలిలోకి వచ్చి అత్యవసర నంబరు 9999కు ఫోన్ చేయాలి. నిద్రలో ఉన్నవారికి తలనొప్పి తెలిసే అవకాశం కూడా ఉండదు. బండిలో ఇంజను ఆన్ చేసి పడుకోవడమూ ఈ కోవలోకే వస్తుంది.

చలికి ముందు, తానె చల్లబడును = సూర్యోదయానికి చలి తగ్గేలోపే, మనిషే చల్లబడతాడు. వ్యాఖ్య అనవసరం.

తాత్పర్యం

ఒమాన్ చలి స్వయంగా చేసే కీడు కొంచెం. దాన్ని లెక్కచేయకుండా తిరిగి, తీరా వణుకు పుట్టాక తలుపులు బిగించి మనిషి చేసుకునే కీడు ఎక్కువ అని భావం. జలుబు అంటడానికీ, విషవాయువు నిండడానికీ "మూసి" అన్న క్రియ ఒక్కటే కారణమవడం గమనించదగింది.

పాఠాంతరం

"బొగ్గు" బదులు "హీట్రు" అని చదివినా గణభంగం లేదు. కానీ హీటరును కాల్చరు, పెడతారు. పైగా విద్యుత్ హీటరు నుంచి విషవాయువు రాదు కనుక నాలుగో పాదం పొసగదు. అందువల్ల ఈ పాఠం త్యాజ్యం, వస్తువు మాత్రం గ్రాహ్యం. దాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కాక నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి, దగ్గర్లో దుప్పటి ఉండకూడదు, పడుకునే ముందు ఆపేయాలి.