రోకలి నిలబడిన రాత్రి

"చంద్రగ్రహణాన్ని ఎక్స్‌రే ఫిల్ములోంచి చూడొచ్చా?" అని అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పదకొండోసారి ప్రశ్న పడేసరికి ఈ వ్యాసకర్తకు తిక్క రేగింది. 2025 సెప్టెంబరు 7, ఆదివారం. వారంనుంచీ ఇదే గోల. సూర్యగ్రహణానికి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ పాపం చంద్రుడికి అంటగట్టారు. ఆయనది అసలే అరువు వెలుగు, గ్రహణంలో అదీ తగ్గుతుంది. పిల్లలకు చందమామను చూపించి గోరుముద్దలు తినిపించిన జనమే, అదే చందమామ మసకబారితే కళ్లు మూసుకోమంటారు!

ఇక రోకలి.

రెండో అంతస్తు మామ్మగారు పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు. నిలబడింది. గ్రహణం పట్టిందనడానికి అదే గుర్తట, విడిచాక పడిపోతుందట. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుందన్నాడు వ్యాసకర్త. "అయితే మంగళవారం నిలబెట్టి చూపించు బాబూ" అన్నారావిడ. నలభై ఫ్లాట్లు వెతికినా మిక్సీలే తప్ప రోకలి లేదు. చివరికి ఆవిడదే అరువు తెచ్చుకున్నాడు. రెండుసార్లు కాలి బొటనవేలిమీద పడి, మూడోసారి నిలబడింది. పరుగున వెళ్లి చూపిస్తే, "గ్రహణ దోషం ఇంకా పోలేదన్నమాట" అని మామ్మగారు మళ్లీ స్నానానికి లేచారు.

ఆ ఆదివారం రాత్రి పదికి కాస్త ముందు నీడ కొరకడం మొదలుపెట్టింది. పదకొండింటికి మొత్తం మింగేసి, 82 నిమిషాలు అట్టే ఉంచింది. ఆ నీడ భూమిదేనని ఆర్యభటుడు 499లోనే రాశాడు. నీడలో ఉన్నా చంద్రుడు మాయం కాలేదు, రాగిచెంబులా ఎర్రబడ్డాడు. భూమి చుట్టూ ఉన్న గాలి నీలాన్ని చెదరగొట్టి, ఎరుపును వంచి అటు పంపుతుంది. అంటే ఆ క్షణాన భూమ్మీది సూర్యోదయాలూ సూర్యాస్తమయాలూ అన్నీ కలిసి ఆ ముఖానికి రంగు పూశాయి. చంద్రుడి దారి 5 డిగ్రీలు వాలి ఉండబట్టి గానీ, లేకపోతే ప్రతి పున్నమికీ గ్రూపులో ఎక్స్‌రే ప్రశ్నే.

ఇదంతా అమ్మకు చెప్పి డాబామీదికి రమ్మన్నాడు. ఆవకాయ జాడీమీద దర్భ వేసి కూర్చున్న ఆవిడ కదల్లేదు. అతను కడుపులో ఉండగా ఓ గ్రహణం వచ్చిందట. బిడ్డకు గ్రహణం మొర్రి రాకూడదని, దోమలు కుడుతున్నా చెయ్యి కదపకుండా చీకటి గదిలో వెల్లకిలా పడుకుందట. మొర్రికీ నీడకీ సంబంధం లేదని చెప్పబోయి, ఎందుకో నోరు రాలేదు.

అతను మెట్లెక్కుతుంటే తలుపు చాటునుంచి అడిగింది, "బాగా ఎర్రగా ఉందా?"