నలభై ఏడో గీత

షుగర్ రే రాబిన్సన్ నా మీద ఎక్కాడని నేను చెప్పను. న్యూయార్క్‌లో మిగిలిన ప్రతి పాత కాటా ఆ మాటే చెబుతుంది. అన్నీ నిజమైతే ఆ మనిషికి కాటాలెక్కి దిగడానికే జీవితం సరిపోయేది, బాక్సింగ్‌కు తీరిక చిక్కేది కాదు.

నేను మనుషుల్ని తూచే కాటాను. కింద పీట, నిలువునా ఇనుప స్తంభం, పైన ఇత్తడి దండె, దాని మీద అటూ ఇటూ జరిగే రెండు గుండ్లు. పెద్దది యాభైలు లెక్కపెడుతుంది, చిన్నది ఒకట్లు. పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పుకునేదేమీ లేదు. నా బతుకులో మంచి కాలమంతా ఒక బాక్సింగ్ వ్యాయామశాలలో, బట్టలు మార్చుకునే గది ముందున్న నడవలో గడిచింది.

పోటీ రోజు జరిగే అసలు తూకం నాది కాదు. అది అధికారుల ముందు, ఫోటోలు తీసేవాళ్ళ మధ్య జరిగేది. నాది చాటుమాటు తూకం. తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు వచ్చి, చొక్కా విప్పి, సాక్సులు విప్పి, చివరికి మొలతాడంత బరువు కూడా ఒంటిమీద మిగలకుండా చూసుకుని, ఊపిరి బిగబట్టి ఎక్కేవాళ్ళు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని ఎవరు చెప్పారో! రింగులో రాక్షసుల్లా కనిపించేవాళ్ళు, దండె కొస ఎటు వాలుతుందోనని పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్లల్లా నిలబడటం నేను చూశాను.

వెల్టర్‌వెయిట్ అనే బరువు తరగతికి హద్దు 147 పౌండ్లు. మీ లెక్కలో దాదాపు 66.7 కిలోలు. పెద్ద గుండు 100 దగ్గర, చిన్న గుండు 47 దగ్గర. మా దగ్గర ఆ తరగతి వాళ్ళే ఎక్కువ. అందుకే నా దండె మీద నలభై ఏడో గీత ఒక్కటీ అరిగి నున్నబడిపోయింది.

ఆ తరగతిలో అందరికన్నా గొప్పవాడెవరన్న తగవు కూడా నా చుట్టూనే నడిచేది. తడి తువ్వాళ్ళు నా దండె మీద ఆరేసి మరీ వాదించుకునేవాళ్ళు. తూకం యంత్రం మీద తడి తువ్వాలు! నా ఇత్తడి నల్లబడటం అప్పుడే మొదలైంది.

రాబిన్సన్ పక్షం వాళ్ళు అంకెలతో వచ్చేవాళ్ళు. 1940 అక్టోబర్ 4న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అతని మొదటి ప్రొఫెషనల్ పోటీ. విచిత్రం చూడండి, అదే రాత్రి అదే రింగులో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన వెల్టర్‌వెయిట్ టైటిల్‌ను ఫ్రిట్జీ జివిక్‌కు పోగొట్టుకున్నాడు. రాబిన్సన్ వరసగా నలభై గెలిచి, 1943 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జేక్ లమోటా చేతిలో ఓడాడు. లమోటా పై తరగతి వాడు, మిడిల్‌వెయిట్. ఇద్దరికీ మధ్య 16 పౌండ్ల తేడా. మూడు వారాలకే రాబిన్సన్ తిరిగి అతణ్ణి ఓడించాడు. ఆ తర్వాత 1951లో లండన్‌లో ర్యాండీ టర్పిన్ ఓడించేదాకా అతనికి ఓటమి లేదు. అప్పటికి అతను మిడిల్‌వెయిట్‌కు వెళ్ళిపోయాడు. నా నలభై ఏడో గీత దగ్గర అతణ్ణి ఓడించినవాడు లేడు.

ఎదుటి పక్షం ఊరుకుంటుందా? టైటిల్‌ను కాపాడుకున్నది ఐదుసార్లే కదా, ఆర్మ్‌స్ట్రాంగ్ డజనుకు పైగా కాపాడుకున్నాడు కదా అనేవాళ్ళు. నాకు నోరుంటే చెప్పేదాన్ని. రాబిన్సన్ చేతికి టైటిల్ వచ్చిందే 1946 డిసెంబర్‌లో, టామీ బెల్‌తో 15 రౌండ్లు పోరాడాక. జివిక్‌ను అతను ఓడించింది 1941లో. ఆ మధ్య ఐదేళ్ళూ అతనికి టైటిల్ పోటీయే దక్కలేదు. చాంపియన్ రెడ్ కోక్రేన్ నౌకాదళంలో ఉంటే, యుద్ధం ముగిసేదాకా టైటిల్ మూలన పడి ఉంది. మూలన పడి ఉండటమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా?

మరి చార్లీ బర్లీతో ఎందుకు తలపడలేదని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. ఆ కాలంలో పెద్ద పేరున్నవాళ్ళు చాలామంది తప్పించుకు తిరిగిన నల్లజాతి బాక్సర్ బర్లీ. రాబిన్సన్‌కూ అతనికీ పోటీ జరగనేలేదు. ఆ ప్రశ్నకు గట్టి జవాబు చెప్పినవాణ్ణి నేను చూడలేదు. దానికి ఒక పౌండు తగ్గించుకోండి.

జిమ్మీ డాయిల్ పేరు వచ్చినప్పుడు మాత్రం వాదన ఆగిపోయేది. 1947 జూన్‌లో క్లీవ్‌లాండ్‌లో రాబిన్సన్ దెబ్బకు పడిన డాయిల్ మర్నాడు చనిపోయాడు. అలా జరుగుతుందని రాబిన్సన్‌కు ముందే కల వచ్చిందట, పోటీ మానుకుంటానంటే మతగురువు చేత నచ్చజెప్పించారట. తువ్వాళ్ళు తీసుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

మనసు మాట అడిగితే నాకు ఆర్మ్‌స్ట్రాంగ్ మీదే మమకారం. 1938లో ఫెదర్, వెల్టర్, లైట్ మూడు టైటిళ్ళూ ఒకేసారి అతని దగ్గరున్నాయి. బార్నీ రాస్‌తో వెల్టర్‌వెయిట్ పోటీకి బరువు చాలక నీళ్ళు తాగి తాగి తూకానికి వెళ్ళాడని చెప్పుకునేవాళ్ళు. బరువు తగ్గాలని మొక్కుకునేవాళ్ళనే చూసిన నాకు, పెరగాలని మొక్కుకున్నవాడి మీద ప్రేమ ఉండదా! 1943లో రాబిన్సన్ అతణ్ణి ఓడించాడు గానీ అప్పటికి ఆర్మ్‌స్ట్రాంగ్ అరిగిపోయాడు. ఆ గెలుపును నేను లెక్కలోకి తీసుకోను.

ఆ తర్వాత పుట్టినవాళ్ళు షుగర్ రే లెనార్డ్ అంటారు. బెనిటెజ్‌నూ డురాన్‌నూ హెర్న్స్‌నూ రెండేళ్ళలో ఓడించినవాణ్ణి కాదనడానికి నేనెవరిని? కానీ ఇంకా ఇటీవలి వాళ్ళ పేర్లు చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. మా కాలంలో తూకం, పోటీ ఒకే రోజు. 147 అంటే రింగులోనూ దాదాపు అంతే. ఇప్పుడు ముందు రోజే తూకం. ఒంట్లో నీరంతా పిండుకుని కాటా ఎక్కి, దిగి తాగి తిని, మర్నాటికి పది పౌండ్లు పెరిగి రింగులోకి దిగొచ్చు. ఇక కాటా ఎందుకు, అలంకారానికా?

నా తీర్పు రాబిన్సనే. మమకారం వేరు, తూకం వేరు. చిక్కేమిటంటే అతని వెల్టర్‌వెయిట్ పోటీల ఫిల్ము దాదాపు మిగల్లేదు. జనం చూసేదంతా తర్వాతి మిడిల్‌వెయిట్ రోజులు, వయసు మళ్ళిన కాళ్ళు. ఆ కాళ్ళను చూసే గొప్పవాడంటున్నారు.

ఇక నా సంగతి. ఒకనాడు నా చిన్న గుండు ఊడి ఎటో దొర్లిపోయింది. కొత్తది కొనడానికి యజమానికి చెయ్యి రాలేదు. పాత తాళం కప్పను తీగతో కట్టి, ‘సరిపోయింది’ అన్నాడు. సరిపోలేదు, రెండు పౌండ్లు తక్కువ చూపేదాన్ని. నన్ను నమ్ముకుని పోటీకి వెళ్ళిన ఒక కుర్రాడికి అసలు తూకంలో రెండు పౌండ్లు ఎక్కువొచ్చాయి. పరిగెత్తి, చెమట కార్చి, డబ్బాలో ఉమ్ముతూ ఎలాగో దించుకున్నాడు. రాత్రి ఓడిపోయాడు. మర్నాడు వచ్చి నా పీట మీద కాలితో తన్నాడు. యజమానిని తన్నాల్సింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

టీవీ వచ్చింది, చిన్న చిన్న క్లబ్బులు మూతపడ్డాయి, మాదీ మూతపడింది. రింగు తాళ్ళు కూడా ఎవరో కొనుక్కున్నారు. నన్ను అడిగినవాడు లేడు. కొన్నాళ్ళు ఒక లాండ్రీలో మాసిన బట్టల మూటలు తూచాను. అవి కనీసం ఊపిరి బిగబట్టేవి కావు. తర్వాత చాలా ఏళ్ళు ఒక నేలమాళిగలో, నా మెడకు సైకిల్ ట్యూబులు తగిలించుకుని నిలబడ్డాను.

ఇప్పుడు ఒక కాఫీ హోటల్లో ఉన్నాను. వేరే కాటాది చిన్న గుండు తెచ్చి తగిలించి, ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు పూశారు. అరిగిన నలభై ఏడో గీత ఆ రంగు కింద ఎక్కడో ఉంది. రంగు ఆరేలోగా చిన్న గుండు 31 దగ్గర అతుక్కుపోయింది. పెద్దదొక్కటే కదులుతుంది. నవ్వుతూ ఎక్కి ఫోటోలు తీసుకునేవాళ్ళంతా 131, కాదంటే 181. ఇంతవరకు ఎవరికీ అనుమానం రాలేదు.